బైక్ స్పేర్ పార్టులు ఆన్‌లైన్‌లో కొనాలా, షాపులో కొనాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

రోజూ ఆఫీసుకో పొలానికో తిరిగే 100 నుంచి 350 సీసీ బండ్లను దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాం. పార్టు ధర ఒక్కటే పోల్చకండి. బండి మళ్లీ రోడ్డెక్కేదాకా అయ్యే ఖర్చంతా పోల్చండి. అలా లెక్కేస్తే కొన్నిసార్లు ఆన్‌లైన్ గెలుస్తుంది, కొన్నిసార్లు వీధి చివరి షాపు గెలుస్తుంది.

అదే పార్టు ఆన్‌లైన్‌లో అంత తక్కువకు ఎలా ఇస్తున్నారు?

అన్నీ మోసాలు కావు. ఆన్‌లైన్ అమ్మకందారుకు మెయిన్‌రోడ్డు మీద షట్టరు అద్దె ఉండదు. కౌంటరు మీద పాత పార్టు పెడితే చూసి "ఇది పాత మోడల్ దన్నా" అని చెప్పగల మనిషికి జీతం ఇవ్వక్కర్లేదు. ఢిల్లీ కరోల్ బాగ్, కశ్మీరీ గేట్ లాంటి టోకు మార్కెట్ల పక్కనే గోడౌను ఉంటే సరుకు రవాణా కూడా కలిసొస్తుంది. ఇవి నిజమైన ఆదాలు.

నకిలీ ఆదాలూ ఉంటాయి. వాటిలో మొదటిది ఉబ్బించిన ఎమ్మార్పీ. 600 రూపాయల సరుకుకు 1,400 అని రాసి కొట్టేసి, "57 శాతం తగ్గింపు" అని చూపిస్తారు. అసలు ఎమ్మార్పీ ఎంతో షోరూమ్ స్పేర్స్ కౌంటరుకు ఫోన్ చేసినా, కంపెనీ సొంత పార్టుల సైటులో చూసినా తెలుస్తుంది. రెండోది "ఫలానా బండికి సరిపోతుంది" అనే మాట. పెద్ద అక్షరాల్లో బండి పేరు, చిన్న అక్షరాల్లో "కంపాటిబుల్" అని ఉంటే అది కంపెనీ పార్టు కాదు.

చిన్న లెక్క చూడండి. చైన్ సెట్ ఎమ్మార్పీ 1,200 అనుకుందాం. ఆన్‌లైన్‌లో 960, డెలివరీ 60, మొత్తం 1,020. షాపులో పది శాతం తగ్గిస్తే 1,080. తేడా అరవై రూపాయలు. బయట కొన్న పార్టు బిగించడానికి మెకానిక్ వంద ఎక్కువ అడిగాడంటే నలభై మీ మీదే పడుతుంది. బండి మూడు రోజులు ఇంటి ముందే నిలబడితే ఆటో ఖర్చు అదనం.

అయితే ఏవి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు? ఏవి షాపులోనే కొనాలి?

పార్ట్ నంబరు కచ్చితంగా తెలిసి, బిగించే ముందు కొలతా సర్దుబాటూ అక్కర్లేనివి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. ఎయిర్ ఫిల్టరు, ఆయిల్ ఫిల్టరు, అద్దాలు, గ్రిప్పులు, లివర్లు, ఫుట్‌రెస్ట్ రబ్బర్లు, సీటు కవరు, క్రాష్ గార్డు, మొబైల్ హోల్డరు ఈ కోవలోకి వస్తాయి. మీ ఊళ్లో దొరకని మోడల్‌కి ఏ పార్టయినా అంతే, వేరే దారి లేదు.

బోర్ పిస్టన్, వాల్వులు, క్రాంక్ బేరింగులు, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగులు), బ్యాటరీ అయితే షాపు. టైరు కూడా చాలాసార్లు షాపులోనే మేలు. బ్రేక్ షూలు, ప్యాడ్లు ఎక్కడైనా కొనండి, కానీ ఎవరు అమ్ముతున్నారో తెలియని చోట మాత్రం కొనకండి. యాభై రూపాయల కోసం బ్రేకు దగ్గర బేరం పనికిరాదు.

పార్ట్ నంబరు ఎలా తెలుసుకోవాలి? బండి పేరు చెబితే చాలదా?

చాలదు. ఆన్‌లైన్‌లో తప్పు పార్టు రావడానికి పెద్ద కారణం ఇదే. ఒకే పేరుతో పదిహేనేళ్లుగా అమ్ముడవుతున్న బండ్లున్నాయి. పేరు అదే, లోపల సరుకు వేరు. బండి పొగ మీద పెట్టిన ప్రభుత్వ ప్రమాణాల్లో 2017 ఏప్రిల్‌లో బీఎస్4, 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాయి. బీఎస్6తో చాలా బండ్లలో కార్బ్యురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. దాంతో థ్రాటిల్ (యాక్సిలరేటర్) వైరు, వైరింగు, కొన్నిటికి ప్లగ్ కూడా మారాయి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ 125 సీసీ దాటితే ఏబీఎస్ (బ్రేకు వేసినా చక్రం పట్టేయకుండా చూసేది), అంతకు లోపల సీబీఎస్ (రెండు బ్రేకులూ కలిసి పనిచేసేది) తప్పనిసరి అయ్యాయి. కాబట్టి బ్రేక్ పార్టులూ మారాయి. డ్రమ్మా, డిస్కా, సెల్ఫ్ ఉందా, స్పోక్ వీలా, అల్లాయ్ వీలా అన్నవి ఎలాగూ చూడాలి.

చేయవలసింది ఇది. ఆర్‌సీలో తయారీ నెల, సంవత్సరం, 17 అక్షరాల ఛాసిస్ నంబరు రాసుకోండి. షోరూమ్ స్పేర్స్ కౌంటరులో ఆ నంబరు చెబితే కేటలాగ్‌లో చూసి పార్ట్ నంబరు చెబుతారు. పాత పార్టు మీద చెక్కి ఉన్న నంబరుతో దాన్ని సరిచూసుకోండి.

హోండా నంబర్ల పద్ధతి తెలిస్తే మోసపోవడం కష్టం. ఐదంకెలు, గీత, మూడు అక్షరాలు, గీత, మరో మూడు అంకెలుంటాయి. హీరో హోండా కాలం నుంచి హీరో బండ్లలోనూ చాలావరకు ఇదే వరస. మొదటి ఐదంకెలు అది ఏ వస్తువో చెబుతాయి. 22870 అంటే క్లచ్ వైరు, 17910 థ్రాటిల్ వైరు, 44830 స్పీడోమీటర్ వైరు, 06455 ముందు డిస్క్ ప్యాడ్ల సెట్. మధ్యలోని మూడు అక్షరాలు ఏ మోడల్ కోసం తయారైందో చెబుతాయి. అందుకే మొదటి ఐదూ కలిసి మధ్య మూడూ తేడాగా ఉంటే, వచ్చింది క్లచ్ వైరే గానీ బహుశా పక్కింటాయన బండిది. కొన్ని పార్టులు రెండు మూడు మోడళ్లకు ఉమ్మడిగా వాడతారు. కొన్నిసార్లు కంపెనీ పాత నంబరు తీసేసి కొత్తది పెడుతుంది. ఈ సంగతులు కౌంటరులో అడిగితేనే తెలుస్తాయి.

కంపెనీ పార్టు, ఓఈఎం, లోకల్, డూప్లికేట్ అంటారు. ఏమిటీ తేడాలు?

బండి కంపెనీలు అన్నీ సొంతంగా చేయవు. చైన్లు కోయంబత్తూరు రోలన్, వైర్లు బెంగళూరు సుప్రజిత్, షాకబ్జార్బర్లు గాబ్రియేల్, ఎండ్యూరెన్స్ లాంటి సంస్థలు చేసిస్తాయి. బండి కంపెనీ డబ్బాలో వస్తే కంపెనీ పార్టు. తయారుచేసిన సంస్థ తన సొంత డబ్బాలో బజారుకు పంపితే దాన్ని ఓఈఎం అంటున్నారు. చాలాసార్లు ధర కాస్త తక్కువ, నాణ్యతలో తేడా పెద్దగా ఉండదు. డబ్బు ఆదాకు మేం మొదట చూపించేది ఈ దారే.

వేరే పేరుతో, సొంత డబ్బాలో, సొంత హామీతో వచ్చేది ఆఫ్టర్‌మార్కెట్. అందులో మంచీ ఉంది, చెడూ ఉంది. బజారులో "లోకల్" అంటే ఎక్కువగా పేరూ ఊరూ లేని సరుకు. "డూప్లికేట్" మాత్రం వేరే సంగతి, ఇంకొకరి పేరు, డబ్బా, హోలోగ్రామ్ దొంగిలించి అచ్చువేసినది. ట్రేడ్‌మార్క్ చట్టం కింద దాన్ని అమ్మడం నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. "ఫస్ట్ కాపీ అన్నా, కంపెనీకి తీసిపోదు" అని షాపువాడు గర్వంగా చెప్పేది దీని గురించే.

డూప్లికేట్‌ని చేతిలో పెట్టుకుని ఎలా గుర్తుపట్టాలి?

డబ్బాని నమ్మకండి, ఈ రోజుల్లో డబ్బా అచ్చువేయడం అన్నిటికన్నా సులువు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే కంపెనీ సొంత సైటు తెరుచుకోవాలి. ఊరికే పార్ట్ నంబరు అక్షరాలు మాత్రమే వస్తే అది రుజువు కాదు.

స్పార్క్ ప్లగ్: పింగాణీ మీది అక్షరాలు గోటితో గీకితే చెరగకూడదు. కింది ఎలక్ట్రోడ్ నడిమధ్యకు నిటారుగా ఉండాలి. వాషరు మర దగ్గర నొక్కి ఉంటుంది, చేత్తో తిప్పితే ఊడి రాకూడదు. ఇంకో చిక్కు ఉంది. ఎన్‌జీకే ప్లగ్‌లో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిది, బాష్, ఛాంపియన్‌లలో అంకె పెరిగేకొద్దీ వేడిది. పట్టిక చూడకుండా ఒక బ్రాండు బదులు ఇంకోటి వేస్తే ప్లగ్ మసి పట్టడమో, పిస్టన్ వేడెక్కడమో జరుగుతుంది.

బ్రేక్ షూ: అల్యూమినియం మీద పోతపోసిన అక్షరాలు పదునుగా ఉండాలి. లైనింగ్ అంచున జిగురు పొంగి ఉన్నా, సన్నటి సందు కనిపించినా వాపస్ ఇవ్వండి. ఆ లైనింగ్ ఒకరోజు ఊడి డ్రమ్ములో ఇరుక్కుంటే చక్రం పట్టేస్తుంది.

చైన్: సైడు ప్లేట్ల మీద బ్రాండు పేరు, సైజు చెక్కి ఉంటాయి. చైనుని పక్కకు వంచి చూడండి, కొత్తదే విల్లులా వంగితే పిన్నులు వదులుగా ఉన్నట్టు.

ఇక ధర. కంపెనీ పార్టు మీద షాపుకు మిగిలేది తక్కువే. అలాంటిది సీలు వేసిన కంపెనీ పార్టు సగం ధరకు వస్తోందంటే అనుమానించాల్సిందే.

చైన్ సెట్ కొనేటప్పుడు ఏం చూడాలి? చైన్ ఒక్కటే మార్చుకోవచ్చా?

మార్చకండి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే పాత పళ్లు కొత్త చైన్‌ని తినేస్తాయి. చైను, ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ మూడూ ఒకేసారి మార్చాలి.

సైజు తెలుసుకోవడం తేలిక. 428 చైన్‌లో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు 12.7 మిల్లీమీటర్లు, 520లో 15.875. కాబట్టి కొత్త 428 చైన్ 20 లింకులు 254 మిల్లీమీటర్లు రావాలి. చైను బిగువుగా లాగిపట్టి టేపుతో కొలిస్తే 259 దాకా వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే. ఈ కొలత చూడకుండానే "చైన్ సెట్ పోయింది సార్" అనే గ్యారేజీలున్నాయి.

ఆర్డరు పెట్టేముందు మూడు అంకెలు సరిచూడండి: ముందు పళ్లు, వెనక పళ్లు, లింకుల సంఖ్య. వెనక చక్రం హబ్బుకు స్ప్రాకెట్ ఎన్ని బోల్టులతో పడుతుందో కూడా చూడాలి. స్పోక్ వీలుకీ అల్లాయ్ వీలుకీ ఇక్కడే తేడా వస్తుంది. బిగించేటప్పుడు లాక్ క్లిప్పు మూసిన వైపు చైను కదిలే దిశలో ఉండాలి, నోరు వెనక్కి ఉండాలి. తిరగేసి పెడితే ఏ రాయో తగిలి క్లిప్పు ఎగిరిపోతుంది.

బేరింగులు బైక్ షాపులోనే కొనాలా?

అక్కర్లేదు. బేరింగు మీద ఉండే 6201, 6202, 6301 లాంటి నంబర్లు ప్రపంచమంతటా ఒకటే. 6301 అంటే లోపలి రంధ్రం 12, బయటి వ్యాసం 37, మందం 12 మిల్లీమీటర్లు. 6201 అయితే 12, 32, 10. అది బైకుదైనా, మోటారుదైనా అదే కొలత. బేరింగుల షాపులో నంబరు చెప్పి ఎస్‌కేఎఫ్, ఎన్‌బీసీ, ఎన్‌ఆర్‌బీ లాంటి పేరున్నది, బిల్లుతో తీసుకోండి. చక్రాలకు రెండు పక్కలా రబ్బరు సీలుండే 2ఆర్ఎస్ రకం మంచిది, వానలో నీళ్లు, బురద లోపలికి పోవు.

టైరు ఆన్‌లైన్‌లో చవగ్గా ఉంది, తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోవచ్చు, కానీ ముందు తయారీ తేదీ అడగండి. టైరు గోడ మీద చివర నాలుగంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. భారీ తగ్గింపులో వచ్చేది తరచూ గోడౌనులో ఉండిపోయిన పాత సరుకు. ఏడాది లోపుది అడిగి తీసుకోండి. ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరిగా ఉండాలి.

సైజు కింద ఉండే 47పి లాంటి అంకె కూడా చూడండి. 47 అంటే 175 కిలోల బరువు, పి అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం తట్టుకుంటుందని. అంతకన్నా తక్కువది వేయకూడదు. తర్వాత బిగించే ఖర్చు, వాల్వు, బ్యాలెన్సింగు లెక్కలోకి తీసుకుంటే, టైరు షాపువాళ్లు ఇవన్నీ కలిపి ఇచ్చే ధరే చాలాసార్లు మేలు.

బ్యాటరీ?

షాపులోనే కొనండి. పాత బ్యాటరీలో సీసం ఉంటుంది కాబట్టి అది ఇస్తే ధర తగ్గిస్తారు. ఆన్‌లైన్ ధర మీద ఆ తగ్గింపు సాధారణంగా కలవదు. కొనేటప్పుడు మల్టీమీటరు పెట్టించండి. పూర్తిగా చార్జి ఉన్నది 12.8 వోల్టుల దాకా చూపిస్తుంది. 12.4 కన్నా కిందికుంటే వేరేది అడగండి. వారంటీ కార్డు మీద తేదీ, సీరియల్ నంబరు, షాపు ముద్ర అక్కడే వేయించుకోండి.

అంతకన్నా ముందు బండి చార్జింగు చూపించండి. ఇంజిన్ కాస్త రేజ్ చేసినప్పుడు బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.5 వోల్టులు రావాలి. రాకపోతే తప్పు బ్యాటరీది కాదు, రెగ్యులేటరుదో కాయిలుదో. అది సరిచేయకుండా కొత్త బ్యాటరీ వేస్తే అదీ రెండు నెలల్లో పడుకుంటుంది.

ఇంజిన్ ఆయిల్ ఎక్కడైనా ఒకటేనా?

గేరు బండికి డబ్బా మీద జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అంటే స్కూటర్లకు. ఎంబీ ఆయిలో, కారు ఆయిలో గేరు బండిలో పోస్తే క్లచ్ ప్లేట్లు అందులోనే మునిగి ఉంటాయి కాబట్టి జారడం మొదలవుతుంది. రేజ్ ఇస్తే శబ్దం పెరుగుతుంది, బండి కదలదు. 10డబ్ల్యూ-30 చెప్పిన బండికి "చిక్కగా ఉంటే మంచిది" అని 20డబ్ల్యూ-50 పోయకండి.

నకిలీ ఆయిల్ ఎక్కువగా అసలు డబ్బాల్లోనే వస్తుంది. పాత డబ్బాలు కొని, నింపి, సీలు వేస్తారు. మూత రింగు, లోపలి రేకు సీలు, బ్యాచ్ నంబరు చూడండి. మీ కళ్లముందే పోయించుకుని, ఖాళీ డబ్బాకి కత్తితో గాటు పెట్టండి.

సీడీఐ (ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టించే పెట్టె), సెన్సర్లు, రెగ్యులేటరు లాంటి ఎలక్ట్రికల్ పార్టులు?

షాపుల్లో "ఎలక్ట్రికల్ ఐటమ్ వాపస్ లేదు" అని బోర్డే పెడతారు, ఎందుకంటే షార్టు ఉన్న బండికి తగిలిస్తే కొత్తదీ కాలిపోతుంది. కాబట్టి అనుమానం మీద కొనకండి. ముందు మెకానిక్ దగ్గర బాగున్న పార్టు తగిలించి చూడండి. సమస్య పోతేనే కొనండి. బీఎస్6 బండ్లయితే స్కానరు పెట్టి లోపం ఎక్కడో చెప్పే కోడ్ చదివించండి. సెన్సర్ కోడ్ వచ్చినంత మాత్రాన సెన్సర్ పోయినట్టు కాదు, చాలాసార్లు కప్లర్‌లో (వైర్లు కలిసే సాకెట్టులో) నీళ్లో, ఎలుక కొరికిన వైరో.

బోర్ పిస్టన్ కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించి మెకానిక్‌కి ఇవ్వొచ్చా?

వద్దు. ముందు సిలిండరు లేత్ షాపుకు వెళ్లాలి. అక్కడ అరుగుదల కొలిచి 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్లలో ఏ ఓవర్‌సైజు పిస్టన్ కావాలో చెబుతారు. పిస్టన్ చేతిలో పెట్టుకునే దాని కొలతకు బోరు కొట్టాలి. ముందే 0.50 తెప్పించేస్తే, సిలిండరు 0.25తో సరిపోయేది అయినా అనవసరంగా ఒక సైజు కోల్పోతారు. పైగా కోటింగు వేసిన అల్యూమినియం సిలిండర్లకు మామూలు రీబోరింగు కుదరదు.

బయట కొన్న పార్టు బిగించనంటున్నాడు మెకానిక్. ఏం చేయాలి?

అతని వైపునుంచి చూడండి. కూలి తక్కువ తీసుకుని పార్టుల మీద షాపు ఇచ్చే కమీషన్‌తో సరిపెట్టుకుంటాడు. మీరు పార్టు తెస్తే ఆ కమీషన్ పోతుంది, పార్టు చెడితే మాట మాత్రం అతనికే. అందుకే ముందే మాట్లాడుకోండి: "పార్టు నాది, కూలి ఎంత తీసుకుంటావు అన్నా?" ఎక్కువ అడిగితే అది న్యాయమే. పార్టు తప్పొస్తే బాధ్యత మీదేనని ఒప్పుకోండి. ఇంజిన్ విప్పాక పార్టు కోసం ఎదురుచూపులు వద్దు, అన్నీ చేతిలోకి వచ్చాకే బండి ఇవ్వండి. తీసిన పాత పార్టులు అడిగి తీసుకోండి.

షాపులో ఎమ్మార్పీ మీద జీఎస్టీ అదనంగా అడుగుతున్నారు, ఇవ్వాలా?

ఇవ్వక్కర్లేదు. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అంతకు మించి తీసుకోవడం తూనికలు, కొలతల శాఖ పరిధిలో నేరం. 2025 సెప్టెంబరు 22 నుంచి బండి పార్టులన్నిటి మీదా జీఎస్టీ 18 శాతం, అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. పాత స్టిక్కరు ఉన్న సరుకైతే కొత్త ధర ఎంతో అడగండి. "బిల్లు వద్దంటే తగ్గిస్తా" అంటే వారంటీ ఉన్న వస్తువుకు ఒప్పుకోకండి.

తెలుగు రాష్ట్రాల్లో మంచి స్పేర్స్ మార్కెట్లు ఎక్కడున్నాయి?

హైదరాబాద్‌లో పుత్లీబౌలి, సికింద్రాబాద్‌లో రాణిగంజ్. బేరింగులు, బోల్టులు, సీళ్లకు రాణిగంజ్ మేలు. విజయవాడ, విశాఖల్లో ఆటోనగర్లు. విజయవాడ ఆటోనగర్ పేరు లారీలదే అయినా లేత్ పనికి బైకులవాళ్లూ అక్కడికే వెళ్తారు. పాత పార్టు గుడ్డలో చుట్టి వెంట తీసుకెళ్లండి, ఫొటో చాలదు.

పార్సిల్‌లో తప్పు పార్టో, నకిలీదో వచ్చింది. ఇప్పుడెలా?

పార్సిల్ విప్పేటప్పుడే చిరునామా లేబులు నుంచి పార్ట్ నంబరు దాకా ఆపకుండా వీడియో తీయండి. బిగించకండి. గ్రీజు అంటిందంటే వాపస్ కష్టం. చాలా లిస్టింగుల్లో గడువు 7 రోజులో 10 రోజులో ఉంటుంది, బండి సర్వీసుకు వెళ్లేదాకా డబ్బా విప్పకుండా ఉంచితే గడువు దాటిపోతుంది.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న, నకిలీ, వర్ణనకు సరిపోని సరుకును అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. కుదరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. సరుకు విలువ 5 లక్షల దాకా ఫీజు లేదు, అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా మీరుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. బిల్లు మీద ఉన్న అమ్మకందారు పేరు చూసుకోండి, సైటు వేరు, అమ్మేవాడు వేరు.

హెల్మెట్, నంబర్ ప్లేట్ ఆన్‌లైన్‌లో కొనవచ్చా?

ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 4151 అని ఉంటే హెల్మెట్ కొనవచ్చు. ఆ గుర్తు లేనివి అమ్మడం 2021 జూన్ 1 నుంచి నేరం. సైజు తలకు పెట్టి చూడాలి గనుక ముందు షాపులో చూసుకోవడం నయం. నంబర్ ప్లేట్ మాత్రం వద్దు. హై సెక్యూరిటీ ప్లేటు మీద హోలోగ్రామ్, లేజరుతో చెక్కిన కోడ్ ఉంటాయి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు డీలరే అమర్చాలి. షాపింగ్ సైట్లలో దొరికేవి చూడ్డానికి అలాగే ఉంటాయి, అంతే.

యమహా ఆర్ఎక్స్100 లాంటి పాత బండ్లకు పార్టులెలా?

1996లోనే తయారీ ఆగిపోయిన బండికి "జపాన్ ఒరిజినల్, సీల్డ్" అని రోజుకో లిస్టింగు కనిపిస్తే నమ్మకండి, ఎక్కువ భాగం ఇప్పుడు పోతపోసినవే. అందులో మంచివీ ఉన్నాయి, కానీ అసలు ధర ఇవ్వకండి. పాత బండి విప్పి అమ్మే సెకండ్‌హ్యాండ్ సరుకు తరచూ నయం. ఇంజిన్ కేసు, ఛాసిస్ లాంటి నంబరున్న పార్టులైతే అమ్మినవారి ఆర్‌సీ కాపీ, ఐడీ, రాతపూర్వక రసీదు లేకుండా ముట్టుకోకండి. దొంగ బండిదని తేలితే భారతీయ న్యాయ సంహిత 317 కింద కొన్నవారి మీదా కేసు పడవచ్చు. క్రాంక్ కేసు కొనేముందు నంబరు పడిన చోట వేలితో తడిమి చూడండి. కంపెనీ కొట్టిన అంకెలు సమానమైన లోతులో ఉంటాయి. గీకి మళ్లీ కొట్టినచోట లోహం నున్నగా, కాస్త గుంటపడి తగులుతుంది.